ఎదురింటి రొట్టెలు

డిసెంబర్ మూడు, మంగళవారం ఉదయం ఆరు నలభైకి షాద్లీ పడవ రేవు వదిలింది. ఆ రోజు తిరిగి రాలేదు.

షాద్లీకి నలభై ఒక్కేళ్ళు. కెర్కెన్నా దీవుల్లో మా వీధి చివరి నుంచి మూడో ఇల్లు అతనిది. ఆక్టోపస్‌లు పట్టేవాడు. పొడవాటి తాడుకు నలభై యాభై మట్టి కుండలు కట్టి లోతు తక్కువ నీళ్ళలో వదిలి వస్తారు. మూడు రోజులయ్యాక వెళ్ళి తాడు లాగుతారు. ఆక్టోపస్ కుండని ఇల్లనుకుని దూరి ఉంటుంది. ఆ మంగళవారం అతను తాడు లాగడానికి ఒక్కడే వెళ్ళాడు. ఎప్పుడూ తోడు వెళ్ళే మిఫ్తాహ్ ఆ రోజు పన్ను పీకించుకోవడానికి డాక్టర్ దగ్గరికి పోయాడు.

బయల్దేరే ముందు వంటింట్లో అనుకున్న మాటలు అతని భార్య మన్నూబియా తర్వాత చాలామందికి చెప్పింది. ప్రతిసారీ ఒకేలా చెప్పింది. ముందు రోజు కాల్చిన రొట్టెలు రెండు గుడ్డలో చుట్టి ఇచ్చింది. ఒకదాని అంచు మాడింది.

"ఇదెందుకే, తాడుకి బరువు కట్టుకోవడానికా?" అన్నాడు షాద్లీ.

"తింటే తిను, లేకపోతే చేపలకి వెయ్యి."

"చేపలు నాకంటే తెలివైనవి. ముట్టుకోవు."

"సరేలే, మధ్యాహ్నం వేడివి చేస్తాగా. గాలి ఎక్కువైతే కుండల కోసం చూడకుండా వచ్చెయ్యి."

"వేడివైతే మూడు నాకు. అమ్మ దగ్గర ఒకటి కొట్టేసి ఇంకోటి."

ఆ మధ్యాహ్నం ఆమె పది రొట్టెలు కాల్చింది. రోజూ పదే. షాద్లీకి మూడు, తనకి రెండు, అత్త సాల్హాకి రెండు, తొమ్మిదేళ్ళ కూతురు అహ్లామ్‌కి రెండు. ఇంకొకటి గుమ్మంలోకి ఎవరైనా వస్తే పెట్టడానికి. పదిన్నరకే పడమటి గాలి లేచింది. మిగతా పడవలన్నీ రెండు గంటల లోపు రేవుకి చేరాయి.

మర్నాడు ఉదయం ఎనిమిది యాభైకి పడవ దొరికింది. చూసినవాడు మిఫ్తాహ్. రేవుకి ఈశాన్యంగా నాలుగు కిలోమీటర్ల దూరంలో, నడుము లోతు నీళ్ళలో, పడవ ఒక పక్కకి ఒరిగి ఉంది. తెరచాప దించి కట్టేసి ఉంది. లోపల పదకొండు కుండలున్నాయి. మిగతా తాడు నీళ్ళలోనే ఉంది. రొట్టెల గుడ్డ ముడి విప్పి ఉంది. అందులో ఒక రొట్టె మిగిలింది, అంచు మాడినది. షాద్లీ లేడు.

మిఫ్తాహ్ పడవని లాక్కొచ్చి, సంగతి చెప్పడానికి ఇంటికి వెళ్ళాడు. పదకొండున్నర దాటింది. మన్నూబియా పొయ్యి ముందు కూర్చుని ఉంది.

"నడుము లోతులో మనిషి మునుగుతాడా మిఫ్తాహ్? నువ్వే చెప్పు."

"మునగడు వదినా."

"మరైతే ఎక్కడో ఒడ్డెక్కి ఉంటాడు."

"ఎక్కే ఉంటాడు."

పడవ దొరికిన చోటుకి ఇరవై గజాల్లో సముద్రం అడుగున వాగులాంటి లోతు పాయ ఒకటి ఉంది. పోటు తగ్గి నీరు వెనక్కి తీసేటప్పుడు అందులో పరుగెడుతుంది. మా దీవిలో పడవ నడిపే ప్రతివాడికీ అది తెలుసు. మన్నూబియా స్ఫాక్స్ నగరంలో పుట్టి పెరిగిన మనిషి, ఆమెకి తెలియదనుకున్నాం. ఎందుకు చెప్పలేదని తర్వాత అడిగితే మిఫ్తాహ్, "పొయ్యి మీద పెనం ఉంది. దాని ముందు కూర్చున్న మనిషికి ఏం చెప్పమంటారు?" అన్నాడు.

చావు జరిగిన ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలిగించరు. రొట్టె ఎదురింటి నుంచో పక్కింటి నుంచో వస్తుంది. కబురు ముందు విన్న ఇల్లే ముందు తేవాలి. తెచ్చిన మనిషి నోరు తెరవదు. గుడ్డ కప్పిన పళ్ళెం గుమ్మంలో పెట్టి పక్కన కూర్చుంటుంది. అది చూశాక ఆ ఇంటి ఆడవాళ్ళు పెనం దించేస్తారు. మా వీధిలో చావు కబురు మాటల్లో చెప్పినట్టు ఎవరికీ గుర్తు లేదు.

అందుకే ఆ వారం మన్నూబియాని చూడటానికి వచ్చిన ఆడవాళ్ళు ఖాళీ చేతులతో వచ్చారు. మామూలు రోజుల్లో చేతిలో ఏమీ లేకుండా ఒకరింటికి ఒకరు పోరు. ఆ వారం ఒక నారింజపండు కూడా ఎవరూ తీసుకెళ్ళలేదు. వెళ్ళి కూర్చున్నారు, ఆమె కాల్చే రొట్టెల వంక చూశారు, లేచి వచ్చారు.

తీర రక్షణ దళం ఐదు రోజులు వెతికింది. మా రేవు నుంచి ఇరవై రెండు పడవలు వెళ్ళాయి. ఏమీ దొరకలేదు.

డిసెంబర్ తొమ్మిది, సోమవారం. ఎదురింటి తుర్కియా మోకాళ్ళ మందు స్ఫాక్స్ నుంచి వస్తుందని ఫెర్రీ దిగే చోటుకి వెళ్ళింది. ఆమెకి యాభై ఎనిమిదేళ్ళు, భర్త పోయి పదకొండేళ్ళయింది. అప్పుడు ఆమె ఇంటికి మొదటి రొట్టె తీసుకెళ్ళింది మన్నూబియా. అప్పటికి మన్నూబియా కాపురానికి వచ్చి ఏడాది. ఆ రొట్టె చేయడం నేర్పింది కూడా తుర్కియాయే. నగరంలో బేకరీ రొట్టె తిని పెరిగిన పిల్లకి బార్లీ పిండి ఎంత, గోధుమ రవ్వ ఎంత, సోంపు ఎంత, పెనం కాగిందో లేదో చిటికెడు పిండి చల్లి ఎలా చూడాలో, రెండు వైపులా కాలాక రొట్టెని అంచు మీద నిలబెట్టి చక్రంలా తిప్పుతూ అంచు ఎలా కాల్చాలో, ఒక చలికాలమంతా పక్కన కూర్చుని చెప్పింది. రోజూ కలిపిన పిండిలోంచి ఒక ముద్ద తీసి మర్నాటి పులుపుకి దాచాలి. ఆ మొదటి ముద్ద కూడా తుర్కియా ఇంటిదే.

పది పావుకి ఫెర్రీ దగ్గర తాళ్ళు కట్టే మనిషి ఆమెని చూసి, "మీ వీధి మనిషి దొరికాడంట కదా. అవతలి ఒడ్డుకి కొట్టుకొచ్చాడంట," అన్నాడు.

అతనికి ఎవరు చెప్పారని తుర్కియా అడగలేదు. ఆమె తర్వాత చెప్పిన ప్రకారం, అప్పుడు ఆమెకి తోచింది ఒక్కటే. పదకొండున్నరకి ఆ ఇంట్లో పెనం ఎక్కుతుంది, ఈలోపు వెళ్ళాలి. మందు పొట్లం కూడా తీసుకోకుండా ఇంటికి వచ్చింది. ఉన్న పిండితో పది రొట్టెలు కాల్చింది. పదకొండు నలభై ఐదుకి వీధి దాటింది.

మన్నూబియా అప్పటికి మూడు రొట్టెలు దించింది. నాలుగోది పెనం మీద ఉంది.

"రా పిన్నీ. మోకాళ్ళు ఎలా ఉన్నాయి?" అంటూ తల తిప్పింది. పళ్ళెం చూసింది. "ఏంటది?"

తుర్కియా మాట్లాడలేదు.

"పిన్నీ, ఏంటది? ఈ రోజు గురువారం కూడా కాదే."

గురువారాల్లో చనిపోయినవాళ్ళ పేరు మీద రొట్టె పంచుతారు. తుర్కియా పళ్ళెం గుమ్మంలో పెట్టి పక్కన కూర్చుంది.

మన్నూబియా పెనాన్ని రెండు చేతులతో పొయ్యి మీది నుంచి తీసి కింద పెట్టింది. పట్టుకోవడానికి గుడ్డ తీసుకోలేదు. అప్పుడే కడిగిన నేల తడిగా ఉంది. మట్టి పెనం చప్పుడు చేసి పగిలింది. ఆ చప్పుడుకి పక్క గదిలోంచి సాల్హా వచ్చింది, పళ్ళెం చూసింది. గోడకి చేతులు ఆన్చి, కొడుకు పేరు పెట్టి ఏడవడం మొదలుపెట్టింది.

ఒంటిగంటకల్లా ఇల్లు నిండిపోయింది. కాఫీ హోటల్ నుంచి ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి మగవాళ్ళు వీధిలో వేశారు. అహ్లామ్‌ని బడి నుంచి తీసుకొచ్చారు. మన్నూబియా చేతులకి ఎవరో ఆలివ్ నూనె రాశారు.

నాలుగు పావుకి తీర రక్షణ దళం సార్జంట్ బూజీద్ నుంచి మిఫ్తాహ్‌కి ఫోన్ వచ్చింది. అవతలి ఒడ్డున దొరికిన మనిషికి అరవై ఏళ్ళుంటాయి. వేరే ఊరి మనిషి. కొడుకులు వచ్చి గుర్తుపట్టి తీసుకెళ్ళిపోయారు.

మిఫ్తాహ్ లోపలికి వచ్చి ఆ మాట చెప్పాడు. ఒకామె "అల్హమ్దులిల్లా" అంది. అందరూ అదే అని, చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయారు. కుర్చీలు కాఫీ హోటల్‌కి తిరిగి వెళ్ళాయి.

తుర్కియా మాత్రం కూర్చునే ఉంది.

"ఇవి ఎవరు తినాలి పిన్నీ?" అంది మన్నూబియా. పళ్ళెం మీది గుడ్డ ఇంకా తీయలేదు.

"నేను తప్పు విన్నానమ్మా."

"అది కాదు నేనడిగింది. ఇవి ఎవరు తినాలి?"

"ఫెర్రీ దగ్గర వాడు నాతో అన్న మాట..."

"నా ఇంట్లో అందరూ బతికే ఉన్నారు. ఈ రొట్టె మేం తినం."

"పారెయ్యకే తల్లీ, రొట్టె."

"పారేస్తానా? నువ్వు నేర్పినదాన్నేగా."

రొట్టెని చెత్తలో వేయరు. ఎండిపోయినవి సంచిలో పెట్టి గుమ్మానికో గోడ మేకుకో తగిలిస్తే గొర్రెలున్నవాళ్ళు తీసుకుపోతారు. మర్నాడు ఉదయం తుర్కియా తలుపు గడియకి ఒక సంచి వేలాడుతూ కనిపించింది. అందులో పది రొట్టెలున్నాయి. అవి తాను తీసుకెళ్ళినవే, ఇంకా ఎండలేదు, ఒకటి కూడా తుంచలేదు.

సోమవారం సాయంత్రం ఐదింటికే మన్నూబియా మళ్ళీ పొయ్యి వెలిగించింది. పెనం రెండు ముక్కలు కాలేదు. ఒక అంచు నుంచి మధ్య దాటేదాకా పగులు ఉంది. దాని చుట్టూ ఇనప తీగ బిగించింది. మిగిలిన ఆరు ముద్దలు ఆ పెనం మీదే కాల్చింది. ప్రతి రొట్టె మీదా పగులు గీతలా పడింది.

ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఎదురెదురు గుమ్మాలు, మధ్య నాలుగు అంగల వీధి. ఒకరు వాకిలి కడుగుతుంటే ఇంకొకరు తలుపు వేసుకునేవారు.

తుర్కియా తన వైపు మాట వీధిలో చెప్పుకుంది. "నేను చావు అని అనలేదమ్మా. రొట్టె పట్టుకెళ్ళాను, అంతే."

"మరి చావు అని చెప్పడమంటే అదేగా తుర్కియా," అంది పక్కింటామె.

ఆ వారం నుంచి తుర్కియా రొట్టె చేయడం మానేసింది. బేకరీకి వెళ్ళి పొడుగు రొట్టె కొనుక్కునేది. "ఏంటి హాజ్జా, నీ దగ్గర నేర్చుకోవాల్సినవాళ్ళం, నువ్వే మా దగ్గరికి వచ్చావ్?" అని బేకరీవాడు ఎగతాళి చేశాడు. మోకాళ్ళు పట్టేశాయి, నేల మీద కూర్చోలేకపోతున్నా అని చెప్పింది.

డిసెంబర్ పదకొండున సార్జంట్ బూజీద్ ఇంటికి వచ్చి సాల్హా బుగ్గ లోపల దూదితో రుద్ది ఒక గొట్టంలో పెట్టి తీసుకెళ్ళాడు. ఇకమీదట ఎవరు దొరికినా దీనితో పోల్చి చూస్తామని, అప్పటిదాకా ఎవరి మాటా నమ్మొద్దని చెప్పాడు.

"విన్నారుగా అత్తమ్మా," అంది మన్నూబియా.

"విన్నా. నా చెవులు బానే ఉన్నాయి. పళ్ళే లేవు," అంది సాల్హా.

మన్నూబియా రోజూ పది రొట్టెలు కాల్చింది. తొమ్మిది చెయ్యలేదు, ఏడూ చెయ్యలేదు. షాద్లీ మూడూ విడిగా గుడ్డలో చుట్టి అలమారలో పెట్టేది. మర్నాడు మధ్యాహ్నం కొత్తవి కాలాక పాతవి తీసేది. వాటిని సాల్హా శనగల పులుసులో నానబెట్టుకుని తినేది. "వాడి వాటా తిని తిని లావెక్కుతున్నాను. వచ్చాక చూసి నన్ను పడవెక్కనివ్వడు," అని మొదటి రోజుల్లో నవ్వించడానికి అనేది. తర్వాత అనడం మానేసింది.

వీధిలో పదకొండున్నరకి సోంపు వాసన వచ్చేది. అటుగా పోయేవాళ్ళు ఒకరినొకరు చూసుకునేవారు.

ఒక రోజు అహ్లామ్ రొట్టె చేతిలో పట్టుకుని అడిగింది. "అమ్మా, అన్నిటి మీదా ఈ గీతేంటి?"

"పెనం పగిలిందిగా."

"కొత్తది కొనొచ్చుగా?"

"మంచి పెనాలు మనదగ్గర దొరకవు. జెర్బా నుంచి రావాలి. మీ నాన్న తెస్తాడు."

డిసెంబర్ ఇరవై మూడున సాల్హా కోడలిని పక్కన కూర్చోబెట్టుకుంది. శరీరం దొరకకపోయినా చనిపోయినవాళ్ళ కోసం చేసే నమాజు చేయొచ్చని మసీదు ఇమామ్ కబురు పంపాడు. సాల్హా ఆ మాట చెప్పింది.

"మీరు చేయించుకోండి అత్తమ్మా."

"నీకు మొగుడైతే నాకు కొడుకు. నేనేమన్నా సంతోషంగా అంటున్నానా? ఇరవై రోజులు. సముద్రం ఎవరినీ ఇరవై రోజులు ఉంచుకుని ఇంటికి పంపలేదు. మీ మామని కూడా పంపలేదు."

"సార్జంట్ ఏమన్నాడు? ఎవరి మాటా నమ్మొద్దన్నాడు."

"నా మాట కూడానా?"

"పెనం ఆరిపోయిన ఇంటికి ఆయన ఏమని వస్తాడు? ఆ రోజు సగం కాలిన రొట్టె దించేశాను. నా చేత్తో నేనే దించాను. మీరు చూశారు. మళ్ళీ దించను."

"పిచ్చిదానా, నువ్వు దించితే వాడు పోయాడా? నువ్వు కాలిస్తే వాడు వస్తాడా?"

"తెలీదు అత్తమ్మా. పిండి మాత్రం కలుపుతాను."

నమాజు జరగలేదు. సాల్హా ఇమామ్‌కి ఇంకొన్ని రోజులు ఆగమని చెప్పి పంపింది.

డిసెంబర్ ఇరవై ఎనిమిదిన మా దీవికి ఉత్తరంగా అవతలి తీరంలో చేపల పడవ వాళ్ళ వలలో ఒక మనిషి శరీరం పడింది. ఆ సంగతి మా ఊళ్ళో ఎవరికీ తెలియనివ్వలేదు. ఫెర్రీ దగ్గర ఎవరూ ఏమీ అనలేదు.

జనవరి తొమ్మిది, గురువారం. పదకొండు గంటలకి మన్నూబియా పిండి కలిపి, గుడ్డ కప్పి, కిటికీ దగ్గర ఎండలో పెట్టింది. పది రొట్టెల పిండి. పదకొండు ఇరవైకి సార్జంట్ బూజీద్, మిఫ్తాహ్ కలిసి వచ్చారు. పెనం ఇంకా పొయ్యి ఎక్కలేదు.

సార్జంట్ నిలబడే కాగితం చదివాడు. డిసెంబర్ ఇరవై ఎనిమిదిన దొరికిన శరీరం నమూనా, సాల్హా ఇచ్చిన నమూనాతో సరిపోయింది. చావుకి కారణం నీటిలో మునగడం. ప్యాంటు కుడి జేబులో కుండలు కట్టే తాడు ముక్క ఉంది, మూడు ముడులు వేసి ఉంది. పడవలోంచి ఎలా పడ్డాడో తెలియదు. శుక్రవారం ఉదయం ఫెర్రీలో తీసుకొస్తారు.

"ఇంకోసారి చదవండి," అంది మన్నూబియా.

ఆయన ఇంకోసారి చదివాడు.

"సరిపోయింది అంటే?"

"అతనే అమ్మా."

"మీరు చూశారా?"

"నేను చూడలేదు. కాగితం చూశాను. ఇందులో పొరపాటు ఉండదు."

మిఫ్తాహ్ గుమ్మం మెట్టు మీద కూర్చుండిపోయాడు. "వదినా, ఆ చోట పాయ ఉంది. నాకు ఆ రోజే తెలుసు," అన్నాడు. అతను తర్వాత చెప్పిన ప్రకారం ఆమె, "నాకు తెలుసని నీకు తెలీదా?" అంది. ఆ మాట సార్జంట్ వినలేదు.

సాల్హా తన గదిలోకి వెళ్ళింది. ఈసారి పెద్దగా ఏడవలేదు.

పన్నెండుకల్లా వీధి మొత్తానికి తెలిసింది. పదహారు ఇళ్ళున్నాయి. ఒక్క ఇంటి నుంచీ పళ్ళెం కదల్లేదు. ఆడవాళ్ళు గుమ్మాల్లో నిలబడి ఉన్నారు.

"నువ్వెళ్ళవే."

"నేనెందుకు ముందు? గోడ కలిసింది నీదీ వాళ్ళదీ."

"కాగితం ఎవరైనా చూశారా అసలు?"

"సార్జంట్ చేతిలో ఉంది, నేను చూశాగా."

"అప్పుడు మాత్రం సార్జంట్లు లేరా? ఫోన్ రాలేదా? తీసుకెళ్ళి గుమ్మంలో పెట్టాక కాదంటే, నా గడియకి సంచి తగిలిస్తుంది."

"పెనం వేసిందా?"

"వాసన రావట్లేదు."

"అయితే వేయలేదు."

"ఇంకా టైముంది, చూద్దాం."

తుర్కియా గుమ్మంలో లేదు. ఆమె తలుపు వేసి ఉంది.

పన్నెండు పావుకి మన్నూబియా బయటికి వచ్చింది. చేతుల్లో పిండి గిన్నె ఉంది, గుడ్డ కప్పి ఉంది. వీధి దాటి తుర్కియా తలుపు మోచేత్తో తట్టింది. తలుపు తెరుచుకోవడానికి కొంచెం సమయం పట్టింది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మాట్లాడుకుని ముప్పై ఒక్క రోజులైంది.

"పిండి కలిపేశాను పిన్నీ. కబురు రాకముందే కలిపాను," అంది మన్నూబియా. "పారేయలేను. మా పొయ్యి మీద కాల్చకూడదు."

తుర్కియా గిన్నె వైపు చెయ్యి చాపలేదు. "కాగితం ఉందా అమ్మా?" అంది.

"ఉంది."

"నువ్వు చూశావా?"

"రెండుసార్లు చదివించాను."

తుర్కియా గిన్నె అందుకుంది. పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది. తలుపు తెరిచే ఉంచారు కాబట్టి తర్వాతి సంగతులు వీధిలో ఉన్నవాళ్ళు చూశారు, విన్నారు.

పెనం అటక మీద ఉంది. మన్నూబియా బల్ల ఎక్కి దించింది. దాని మీద దుమ్ము పట్టింది. తుర్కియా పొడి గుడ్డతో తుడిచి, సన్నని మంట మీద పెట్టింది. నెల రోజులు వాడని మట్టి పెనాన్ని ఒక్కసారిగా కాగనివ్వకూడదు. ఇద్దరూ దాని ముందు కూర్చున్నారు. తుర్కియా నేల మీదే కూర్చుంది.

"చేతులు చూపించు," అంది.

మన్నూబియా అరచేతులు చూపించింది. కాలిన చోట చర్మం కొత్తగా ఉంది.

"గుడ్డ లేకుండా పెనం పట్టుకుంటారటే ఎవరైనా? ఏం నేర్పాను నీకు?"

"నువ్వు చెప్పకుండా కూర్చున్నావ్."

"ఆ రోజు..."

"వద్దు పిన్నీ."

తుర్కియా చిటికెడు పిండి పెనం మీద చల్లింది. అది రంగు మారలేదు. ఇంకాసేపు ఆగారు. రెండోసారి చల్లినప్పుడు గోధుమ రంగుకి తిరిగింది. తుర్కియా చేతులకి నూనె రాసుకుని, పిండి మీది గుడ్డ తీసింది.

"ఎన్ని చెయ్యను?"

తుర్కియా పిండిని గిన్నెలోనే ఒకసారి మడిచి నొక్కింది.

"పదికి కలిపాను," అంది మన్నూబియా. "ఏడు చెయ్యి. మిగతాది పులుపుకి ఉంచు. నాలుగో రోజు వచ్చి తీసుకెళ్తాను."

తుర్కియా ఏడు ముద్దలు తీసింది. మిగిలిన పిండిని ఒక మట్టి ముంతలో పెట్టి మూత వేసి కిటికీ కింద పెట్టింది. మొదటి ముద్దని అరచేత్తో నొక్కి, వేళ్ళతో అంచుల దాకా సాగదీసి, పెనం మీద వేసింది. రొట్టె తిప్పడానికి మన్నూబియా చెయ్యి ముందుకి వచ్చింది. తుర్కియా ఆ చేతిని పట్టుకుని ఆమె ఒడిలో పెట్టింది.

"నువ్వు కాదు. ఈ మూడు రోజులు నువ్వు ముట్టుకోకూడదు. ఇంటికి వెళ్ళు. అత్త దగ్గర కూర్చో. నేను తెస్తాను."

మన్నూబియా లేచింది. పన్నెండు యాభైకి వీధి దాటి లోపలికి వెళ్ళింది. పొయ్యి పక్కనున్న పగిలిన పెనం తీసి గోడకి ఆనించింది. పిల్లని బడి నుంచి తీసుకురావడానికి మిఫ్తాహ్ వెళ్ళాడు.

వీధిలో సోంపు వాసన వచ్చింది. గుమ్మాల్లో ఉన్న ఆడవాళ్ళు తుర్కియా తలుపు వైపు చూశారు. రెండిళ్ళ అవతల ఒకామె లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించింది. ఆ తర్వాత ఇంకొకామె వెళ్ళింది.

తుర్కియా ఒక్కొక్క రొట్టెనీ రెండు వైపులా కాల్చి, అంచు మీద నిలబెట్టి తిప్పి దించింది. పళ్ళెంలో పేర్చి, తెల్ల గుడ్డ కప్పింది. గోడ పట్టుకుని లేచింది.

ఒంటిగంటన్నరకి వీధి దాటింది. పళ్ళెం గుమ్మంలో పెట్టి పక్కన కూర్చుంది. మన్నూబియా వచ్చి గుడ్డ తీసింది. అందులో ఏడు రొట్టెలు ఉన్నాయి.